గోడకవతలి తాళం

రోజు మొత్తం మీద ఆమె నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. అలాంటి మనిషికి బ్యాండులో పెట్టిన పేరు సుత్తి. డ్రమ్ముల మీద ఆమె వేసే దెబ్బ చూసి పెట్టారా, నోరు విప్పని మనిషిని ఏడిపించడానికి పెట్టారా అంటే, రెండూనూ. అసలు పేరు లాండ్రీలో మేస్త్రీ హాజరు పిలిచేటప్పుడు తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.

ఆ లాండ్రీ పెద్దాస్పత్రి కింద నేలమాళిగలో ఉండేది. పై వార్డుల నుంచి దుప్పట్లు, గౌన్లు, దిండు గలీబులు మూటలుగా దిగేవి. వాటిని విప్పి, రక్తం మరకలవి ఒకవైపు, మిగతావి ఒకవైపు వేరుచేసి, మనిషెత్తు మిషన్లలో ఉతికి, పిండి, ఆవిరితో కాలే రోలరు కిందికి పంపాలి. రోలరు అవతలి నుంచి దుప్పటి పొగలు కక్కుతూ వస్తుంది. దాన్ని ఇద్దరు చెరో కొసా పట్టుకుని మడత పెట్టాలి. సుత్తిది ఆ పని. సోడాకీ బ్లీచింగుకీ అరచేతులు బీటలు వారి, చలి రోజుల్లో వేళ్ళు మడిస్తే రక్తం కనపడేది. దుప్పట్లలో ఒక్కోసారి ఏవేవో దొరికేవి. కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, ఒకసారి ఎవరిదో ఉంగరం. "ఇప్పుడు పైకి పంపినా, పెట్టుకునేవాళ్ళు ఉన్నారో లేదో" అని జతగా మడత పెట్టే ముసలావిడ నిట్టూర్చేది. సుత్తి మాత్రం దొరికిన ప్రతిదాన్నీ తీసుకుని మెట్లెక్కి వెళ్ళి ఇచ్చి వచ్చేది. ఇచ్చేటప్పుడు కూడా ఏమీ మాట్లాడేది కాదు.

ఆ మౌనం పుట్టుకతో వచ్చింది కాదు. ఇంట్లో అలవాటైంది.

ఆమెకు ఊహ తెలియకముందే తండ్రి ఇంకో కాపురం చూసుకుని చేతులు దులుపుకున్నాడు. తల్లి యూనిఫారాలు కుట్టే షెడ్డులో మిషను తొక్కేది. అన్నయ్య ఆమె కంటే బాగా పెద్ద. చదువులో చురుకు. పాడైన రేడియోలు విప్పి మళ్ళీ బిగించేవాడు. చెల్లెల్ని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడిలో దింపేవాడు. కాలేజీలో చేరిన ఏడు అతనికి ఏదో అయింది. మొదట నిద్ర పోయింది. తర్వాత తిండి. ఆ తర్వాత, పక్కింటివాళ్ళు గోడల్లో దూరి తన గురించి మాట్లాడుకుంటున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరోజు చెప్పుల్లేకుండా వెళ్ళిపోయి, రైలు పట్టాల పక్కన నడుస్తూ దొరికాడు. డాక్టరు మాత్రలు రాశాడు. వేసుకుంటే రోజంతా మత్తుగా పడి ఉండేవాడు. మానేస్తే ఇల్లు విడిచి పోయేవాడు. తల్లి పని మానితే పొయ్యి వెలగదు. అందుకని పొద్దున షెడ్డుకి వెళ్ళేముందు అతని గదికి బయటి నుంచి తాళం వెయ్యడం మొదలుపెట్టింది.

అడిగినవాళ్ళతో మాత్రం, కొడుకు వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాడని చెప్పింది. ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకోలేకపోయింది. ఆ ఉద్యోగంలో అతనికి జీతం పెరిగింది, మంచి ఇల్లు దొరికింది, సెలవు మాత్రం దొరకలేదు. ఇంట్లో చిన్నదానికి ఒకటే పాఠం. బయట ఎక్కడా నోరు జారకూడదు. జారకుండా ఉండాలంటే అసలు తెరవకపోవడమే మేలని ఆ పిల్ల కనిపెట్టింది.

తాళంచెవి వంటగది గుమ్మం పక్కన మేకుకి వేలాడేది. "ఇల్లు అంటుకుంటే తప్ప దాన్ని ముట్టుకోకు" అని తల్లి గట్టిగా చెప్పింది. సుత్తి సాయంత్రం బడి నుంచి వచ్చి, అన్నయ్య గది పక్క గదిలో కూర్చుని లెక్కలు చేసుకునేది. అవతలి నుంచి అతను గోడను అరచేత్తో కొట్టేవాడు. వరసగా మూడు దెబ్బలు, కాస్త ఖాళీ, మళ్ళీ ఒకటి గట్టిగా. మొదట్లో భయపడింది. ఒకరోజు తనూ అలాగే కొట్టింది. అవతల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, ఈసారి మెల్లగా. ఆమె మళ్ళీ కొట్టింది. అలా కొడుతుంటే అతను క్రమంగా తగ్గి, చివరికి పూర్తిగా ఆపేసేవాడు. అన్నయ్యా తానూ ఆడుకుంటున్నామనుకుంది. తన వల్ల అతని మనసు కుదుటపడుతోందనుకుంది. ఎవరికీ చెప్పుకోని ఆ చిన్న గర్వం ఆమెతో పాటే పెరిగి పెద్దదయింది.

లాండ్రీలో పని దొరికిన ఏడాది, ఒక ఉదయం తల్లి తాళం తీసి కంచం లోపల పెట్టబోతుంటే అన్నయ్య తోసుకుని బయటికి వచ్చాడు. కొట్టాలని కాదు, దారి కావాలి. తల్లి మణికట్టు తలుపుకీ గుమ్మానికీ మధ్య నలిగి విరిగింది. ఆ చెయ్యి మళ్ళీ మునుపటిలా తిరగలేదు. అతన్ని ఊరి చివర, మతి చలించినవాళ్ళను ఉంచే ఆశ్రమంలో చేర్చారు. సుత్తి ఆదివారాలు వెళ్ళి చూసి వచ్చేది. తల్లి వెళ్ళేది కాదు. ఆ వైపు బస్సు ఎక్కుతుంటే తెలిసినవాళ్ళు చూస్తారని.

తుప్పు అనే బ్యాండు అప్పటికే ఉంది. మోటార్లు బాగుచేసే కొట్టు వెనక రేకుల షెడ్డులో సాయంత్రాలు వాయించుకునేవాళ్ళు. గిటారు ఆ కొట్టు అతనిదే. రోజంతా మోటార్లకు రాగి తీగ చుట్టలు చుడతాడు కాబట్టి అతన్ని చుట్ట అనేవాళ్ళు. పొగ వాసన కూడా పడని మనిషి, ఆ పేరు ఎలా మోశాడో. పాడేదీ, బేసు గిటారు వాయించేదీ మైకక్క. ఆమె బస్టాండులో ప్రకటనలు చదివే ఉద్యోగి. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంటూ పొద్దస్తమానం గొంతుకి తేనె పూసుకుని, షెడ్డుకి వచ్చాక గుండెలు చీలేలా అరిచేది. "పొద్దున్నుంచీ దయచేసి, దయచేసి అన్నాక మనిషిలో ఇంకేం మిగుల్తుందే" అనేది.

వాళ్ళ డ్రమ్మర్ పెళ్ళి చేసుకుని మామగారి కొట్లో కూర్చున్నాడు. ఆ వారంలోనే, లాండ్రీ నుంచి ఇంటికి పోతూ రోజూ షెడ్డు ముందు కాసేపు ఆగే మనిషి లోపలికి వచ్చింది.

"డ్రమ్ములు నేను కొడతా" అంది.

"ఎప్పుడైనా కొట్టావా?" అన్నాడు చుట్ట.

"లేదు."

"మరి?"

"గోడ కొట్టాను."

ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. కర్రలు పట్టుకోవడం కూడా రాదు. ఒకటి చేతిలోంచి ఎగిరి రేకుకి తగిలి ఖంగుమంది. దాన్ని వెతికి తెచ్చుకుని, మళ్ళీ కూర్చుని, మూడు దెబ్బలు, ఖాళీ, ఒకటి. అదే మళ్ళీ. అదే మళ్ళీ. వేగం పెరగలేదు, తగ్గలేదు. మైకక్క నవ్వు ఆపి, బేసు తగిలించుకుని, ఆ ఖాళీలో ఒక స్వరం వేసింది. చుట్ట ఇంకా నిలబడే ఉన్నాడు. "కానియ్యరా" అంది మైకక్క అతనితో.

అక్కణ్ణించి కొన్నేళ్ళు వాళ్ళ బతుకు ఒక ఐసు ఫ్యాక్టరీ వ్యానులో గడిచింది. సెలవు రోజుల్లో చుట్ట తెలిసినవాళ్ళని అడిగి తెచ్చేవాడు. లోపల నేల ఎప్పుడూ తడే. డ్రమ్ముల కింద ఆస్పత్రి కాలం చెల్లిన దుప్పట్లు పరిచేవాళ్ళు. మూతబడ్డ సినిమా హాలు, వ్యాయామశాల, ఒక ఫర్నిచరు షోరూము సెల్లారు, ఎవరు రమ్మంటే అక్కడికి వెళ్ళేవాళ్ళు. వినేవాళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది ఉండేవాళ్ళు. వాళ్ళలోనూ ఒకడు తలుపుకి తాళం వేసుకోవాల్సిన వాచ్‌మెన్. ఒకచోట ఎవడో సీసా విసిరితే పెద్ద డ్రమ్ము తోలు చిరిగింది. సుత్తి దాన్ని గాయాలకు వేసే ప్లాస్టరుతో అతికించి వాయించింది. ఆ డ్రమ్ము చివరిదాకా కట్టు కట్టుకున్న మోకాలులాగే ఉండిపోయింది.

ముగ్గురిలో ఎవరికీ సంగీతం చెప్పినవాళ్ళు లేరు. చుట్టకి ఓడల్లో పనిచేసిన మేనమామ తెచ్చిచ్చిన క్యాసెట్లు కొన్ని ఉండేవి. వాటిలో భాష ఒక్క ముక్క తెలియదు. అందులో ఒకటి టేప్‌రికార్డరులో నలిగి, పాట మధ్యలో సాగి, వంకర పోయేది. పాటే అలా ఉందనుకుని చుట్ట ఆ వంకరతో సహా నేర్చుకున్నాడు. తర్వాతెప్పుడో మంచి క్యాసెట్టు విని, "వీళ్ళు సరిగ్గా వాయించలేదు" అన్నాడు.

ఒకసారి పొరుగూళ్ళో వాయించి, ఉదయాన్నే తిరిగి వస్తున్నారు. చుట్ట బండి నడుపుతున్నాడు. వెనక డ్రమ్ముల మధ్య సుత్తీ మైకక్కా. మైకక్కకి గొంతు పోయింది, గుసగుసగా తప్ప మాట రావడం లేదు. అందుకే కాబోలు, సుత్తికి మాట వచ్చింది. ఆ గోడ గురించి చెప్పింది. తాళం గురించి, అన్నయ్య గురించి, అమ్మ కల్పించిన ఉద్యోగం గురించి, మూడు దెబ్బల గురించి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని కూడా చెప్పింది. మైకక్క ఆమె చెయ్యి పట్టుకుని ఊరు చేరేదాకా వదల్లేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే మైకక్క కొత్త పాట తెచ్చింది. పేరు 'గోడ'. తాళం వేసిన గది, బయట కుట్టు మిషను చప్పుడు, గోడకు ఇటొక చెయ్యి, అటొక చెయ్యి. పాడి, సుత్తి మొహంలోకి చూసింది.

"బాగుందా?"

వద్దంటే ఎందుకో చెప్పాలి. ఆ చెప్పడం సుత్తికి చేతకాదు. కర్రలు తీసుకుని మూడు దెబ్బలు, ఖాళీ, ఒకటి కొట్టింది. దాన్ని మైకక్క అవుననే అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆ పాట వాళ్ళని ఎక్కడికో తీసుకుపోయింది. పదిమంది వచ్చేచోట హాలు నిండడం మొదలైంది. పాట ఎత్తుకోగానే జనం లేచి వెళ్ళి చుట్టూ ఉన్న గోడల్ని అరచేతులతో బాదేవాళ్ళు. సున్నం రాలేది. నవ్వుతూ కొందరు, ఏడుస్తూ కొందరు. సుత్తి డ్రమ్ముల వెనకనుంచి ఆ చేతుల్ని చూసేది. చూడలేక తల దించుకుని కాలి కింద పెడలు వైపు చూస్తూ వాయించేది. దెబ్బ మాత్రం తప్పేది కాదు.

ఆ ఊపులోనే రేడియోవాళ్ళు పిలిచారు. మధ్యాహ్నం కార్యక్రమం, నేరుగా ప్రసారం. చిన్న గది, గోడలకి గుడ్డ, బల్ల మీద మైకులు, అద్దానికి అవతల ఎర్ర దీపం. ప్రశ్నలడిగేది ఓ కుర్రాడు, మర్యాదస్తుడు. మీ మీద ఎవరి ప్రభావం ఉంది అని అడిగాడు. చుట్ట మేనమామ క్యాసెట్టు వంకర గురించి చెప్పి నవ్వించాడు. మైకక్క బస్టాండు గురించి చెప్పింది. ఆలస్యంగా వచ్చే ప్రతి బస్సుకీ తానే క్షమాపణ చెప్పుకుంటుందని, ఆ క్షమాపణలన్నీ లోపల పేరుకుని అరుపులయ్యాయని.

"మరి మీరు?" అన్నాడు కుర్రాడు సుత్తితో.

"క్యాసెట్లు" అంది.

"ఎవరివి?"

"గుర్తులేదు."

కుర్రాడు ఇబ్బందిగా నవ్వాడు. రేడియోలో ఖాళీ ఉండకూడదు కదా. ఖాళీని ఉండనివ్వని ఉద్యోగం మైకక్కది. చటుక్కున మైకు తన వైపు లాక్కుంది.

"అది చెప్పదండీ, నేను చెప్తాను. 'గోడ' పాట కల్పించింది కాదు. దీని సొంత అన్నయ్య..."

చెప్పేసింది. గది, తాళం, బయటికి వెళ్ళే అమ్మ, వేరే ఊళ్ళో లేని ఉద్యోగం, ఇప్పుడున్న ఆశ్రమం. ప్రేమగానే చెప్పింది, చెబుతూ కళ్ళు తుడుచుకుంది కూడా. సుత్తి ఎర్ర దీపం వైపు చూస్తూ కూర్చుంది. చుట్ట బల్ల కింద నుంచి మైకక్క కాలు తొక్కాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుందే గాని మాట ఆపలేదు.

తల్లి ఆ కార్యక్రమం వినలేదు. వినాల్సిన అవసరం రాలేదు. కుట్టు షెడ్డులో పనిచేసుకుంటూ అందరూ రేడియో పెట్టుకుంటారు. ఆవిడ చెయ్యి విరిగాక గుండీలు కుట్టే పనికి మారి, ఇంకా అక్కడే ఉంది. ఆ రోజు బాత్‌రూముకి వెళ్ళి వచ్చేసరికి షెడ్డులో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. ఒకావిడ మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చింది.

సాయంత్రం సుత్తి ఇంటికి వచ్చేసరికి తల్లి దీపం వెయ్యకుండా కూర్చుని ఉంది.

"నువ్వు చెప్పావా ఆ పిల్లకి?"

"చెప్పానమ్మా."

"నేను వాడికి ఇల్లు కూడా కట్టించానే" అంది తల్లి. "మొన్ననే గృహప్రవేశమని చెప్పి షెడ్డులో అందరికీ స్వీట్లు పంచాను."

తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది సుత్తికి. అన్నం పెట్టింది, పక్కన కూర్చుంది, తానూ తిన్నది. తర్వాత చాలా కాలం ఆ ఇంట్లో అవసరానికి మించి మాట పుట్టలేదు.

మరుసటి ఆదివారం సుత్తి ఆశ్రమానికి వెళ్తూ చుట్ట దగ్గర చిన్న టేప్‌రికార్డరు, షెడ్డులో రికార్డు చేసుకున్న 'గోడ' క్యాసెట్టు అడిగి తీసుకెళ్ళింది. ఊరంతా విన్న పాటని, అది ఎవరి గురించో ఆ మనిషే వినలేదు. అది ఆమెకి ముల్లులా గుచ్చుకుంటోంది.

అన్నయ్య వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మందులకి ఒళ్ళు వచ్చింది, చేతులు సన్నగా వణుకుతున్నాయి. జుట్టు నెరిసింది. మాట నెమ్మదే గాని తెలివిగానే ఉన్నాడు ఆ రోజు. హెడ్‌ఫోన్లు సుత్తే అతని చెవులకి పెట్టింది. అతను కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

"ఎవరు, అరుస్తోంది?"

"మా మైకక్క."

"గొంతు పాడైపోతుంది. చెప్పు." హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "డ్రమ్ము నువ్వేనా?"

"నేనే. గుర్తుపట్టావా అన్నయ్యా? మూడు, ఆగి ఒకటి. మనం ఆడుకునేవాళ్ళం కదా."

అతను ఆమె వైపు తిరిగి అర్థం కానట్టు చూశాడు.

"ఆటా?"

"గోడ మీద. నువ్వు కొడితే నేను కొట్టేదాన్ని. అప్పుడు నువ్వు నెమ్మదించేవాడివి."

"తలుపు తియ్యమని కొట్టేవాణ్ణి" అన్నాడు అన్నయ్య. "లోపల ఊపిరాడేది కాదు. అమ్మ లేదని తెలుసు. నువ్వు వచ్చావేమో, వింటావేమోనని." తన అరచేతిని ఒకసారి చూసుకున్నాడు. "అవతలి నుంచి నువ్వూ కొట్టావు. అయ్యో, దీన్ని కూడా పెట్టి తాళం వేసేసిందా అనుకున్నాను. ఎంత చిన్నపిల్లవి. నేను కొడుతుంటే నీకు ఇంకా భయమేస్తుందని మెల్లిగా కొట్టేవాణ్ణి. తర్వాత ఆపేసేవాణ్ణి."

వరండాలో ఎవరో చీపురుతో నీళ్ళు తోస్తున్నారు. ఆ చప్పుడు చాలాసేపు విన్నది సుత్తి. అబద్ధం చెప్పొచ్చు. అవును, నన్నూ పెట్టేసింది అనొచ్చు. నోరు రాలేదు.

"నేను బయటే ఉన్నాను అన్నయ్యా. తాళంచెవి అక్కడే ఉండేది. మేకుకి."

"బయటున్నావా?"

"ఊఁ."

అతని మొహంలో కోపం లేదు, ఏమీ లేదు.

"అయితే పోనీలే" అన్నాడు. "నువ్వు లోపల లేవు కదా. పోనీలే."

టేప్‌రికార్డరు ఆమెకి తిరిగి ఇచ్చేసి, టీ ఇచ్చే వేళయిందని లేచి వెళ్ళి వరసలో నిలబడ్డాడు.

సుత్తి ఆ రోజు బస్సెక్కలేదు. ఊరి చివర నుంచి ఇంటిదాకా నడిచింది. ఎలా నడిచిందో, ఏ దారిన వచ్చిందో ఆమెకే తెలియదు. మర్నాడు లాండ్రీలో కాలే దుప్పటి కొస ఒట్టి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోతే, జత ముసలావిడ లాగి విడిపించింది.

ఆ సాయంత్రం షెడ్డులో మైకక్క 'గోడ' ఎత్తుకోబోతే సుత్తి కర్రలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది కొట్టను."

"ఈవేళా?"

"ఎప్పుడూ."

మైకక్క బేసు దించి పక్కన పెట్టింది. "రేడియో గురించే కదా. తప్పయింది, ఒప్పుకుంటున్నాను. మీ అమ్మ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. కానీ పాటేం చేసిందే? ఆ పాట విని ఒకావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని, వాళ్ళబ్బాయి కూడా ఇలాగేనని చెప్పింది. జన్మలో మొదటిసారి ఇంకో మనిషికి చెప్పిందట. అలాంటోళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా? ఇప్పుడది నీ ఒక్కదాని గోడ కాదు."

"తెలుసు."

"మరి?"

"నువ్వు పాడుకో. నేను కొట్టను."

"కారణం చెప్పు."

సుత్తి తలెత్తి ఆమె కళ్ళలోకి చూసింది. "చెప్తే దాన్నీ పాడతావు."

మైకక్క మొహంలో రక్తం ఇంకిపోయింది. చుట్ట గిటారు తీగ ఒకటి బిగిస్తున్నాడు, బిగిస్తూనే ఉన్నాడు, అది తెగింది. మైకక్క బేసుని సంచిలో పెట్టుకుని, జిప్పు పడకపోతే అలాగే భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాత రెండుసార్లు చుట్ట వెళ్ళి పిలిచాడు. "దాని మాట నిజం రా" అని మాత్రం అందట. "చెప్తే నిజంగానే పాడతాను. నన్ను నేను ఆపుకోలేను." ఆ ఏడాదిలోనే ఆమెకి వేరే ఊరు బస్టాండుకి బదిలీ అయింది. అక్కడ కొత్త కుర్రాళ్ళతో ఇంకో బ్యాండు పెట్టింది. 'గోడ' వాళ్ళు వాయిస్తారని, ఇంకా బాగా వాయిస్తారని విన్నవాళ్ళు వచ్చి చెప్పారు.

తల్లి విషయంలో మాత్రం ఎవరూ అనుకోనిది జరిగింది. దాచడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి, ఒక ఆదివారం సుత్తి చెప్పులు వేసుకుంటుంటే తల్లి కూడా బయల్దేరింది. అరటిపళ్ళు కొన్నది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఎవరో పలకరిస్తే, "మా అబ్బాయిని చూసి రావడానికి" అంది. ఎక్కడున్నాడని వాళ్ళు అడగలేదు.

కొడుకు ఆవిణ్ణి వెంటనే గుర్తుపట్టాడు. విరిగిన మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎందుకమ్మా తాళం వేశావు?"

"ఎక్కడికైనా పోతావేమోనని నాయనా."

"పోయేవాణ్ణే" అన్నాడు. తర్వాత అరటిపండు వలిచి, సగం తుంచి తల్లికిచ్చాడు.

అలా ఒక చలికాలం, ఒక వేసవి ఇద్దరూ వెళ్ళి వచ్చారు. అతన్ని ఇంటికి తీసుకువద్దామని సుత్తి ఆలోచించింది. లాండ్రీ దగ్గర గది కూడా చూసింది. అడిగితే అతను వద్దన్నాడు. "ఇక్కడ తలుపులు తీసే ఉంటాయి, గేటు ఒక్కటే వేస్తారు. అలవాటైంది" అన్నాడు. వానలు పడ్డాక దగ్గు మొదలైంది. ఆశ్రమంవాళ్ళు మామూలు దగ్గనే అనుకున్నారు. పెద్దాస్పత్రికి తెచ్చేసరికి ఊపిరితిత్తుల నిండా నీరు చేరింది. సుత్తి పని మధ్యలో పైకి వెళ్ళి వస్తుండేది. ఒక మధ్యాహ్నం వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది, పక్కనున్న నర్సు దుప్పటి తీసి మూటలో వేస్తోంది. ఆ మూట ఆమె అడిగి తీసుకుంది. తానే మోసుకుని కిందికి దింపి, తానే ఉతికి, రోలరుకి పంపింది. అవతలి కొస ముసలావిడ పట్టుకుంది. ఇద్దరూ మడత పెట్టారు.

అంత్యక్రియలకి వచ్చినవాళ్ళు చాలా తక్కువ. కుట్టు షెడ్డు ఆడవాళ్ళు కొందరు, చుట్ట. మైకక్క కూడా వచ్చింది, పొద్దున్నే బస్సెక్కి. దగ్గరికి రాకుండా శ్మశానం గేటు బయట నిలబడింది. సుత్తి ఆమెను చూసింది. ఆమె తనను చూడటం చూసింది. చెయ్యి ఊపలేదు, రమ్మనలేదు, పొమ్మనలేదు. బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. వాళ్ళిద్దరూ మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

బ్యాండు వాయించుకునే రేకుల షెడ్డు మాత్రం మిగిలింది. పాడేవాళ్ళు లేకుండా చుట్టా సుత్తీ ఇద్దరే వాయిస్తారు. ఎక్కడికీ వెళ్ళరు, ఎవరూ పిలవరు. మూడు దెబ్బల వరస ఆమె చేతుల్లోంచి పోలేదు. ఎంత వద్దనుకున్నా వేరేదేదో కొడుతూ కొడుతూ అందులోకే జారిపోతుంది. జారినప్పుడు ఆగి, కర్రలు దించి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. చుట్ట ఎందుకని అడగడు. అతను కూడా ఆగుతాడు.

ఈమధ్య తల్లి సాయంత్రాలు ఆ షెడ్డుకి వస్తోంది. ఇంట్లో ఒక్కతే కూర్చుంటే ఏవేవో వినపడుతున్నాయట. చెవుల్లో దూది పెట్టుకుని, పాత మోటారు పెట్టె మీద కూర్చుని, ఇంటికి తెచ్చుకున్న చొక్కాలకి ఎడమచేత్తో గుండీలు కుడుతుంది. కుడిచేత్తో సూది పట్టలేదు.

"ఇంత చప్పుడులో మీకేం తెలుస్తుందే?" అని అడిగింది ఒకరోజు, దూది తీసి.

"ఏమీ తెలియదమ్మా" అంది సుత్తి.

తల్లి తలూపి, దూది మళ్ళీ పెట్టుకుంది. సూదిలో దారం అయిపోయింది. చుట్ట గిటారు పక్కన పెట్టి వచ్చి, సూది అందుకుని, దారం ఎక్కించి ఆవిడ చేతిలో పెట్టాడు.